వారానికి తొమ్మిది కిలోలు

పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. నాకు మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నోరూరుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలో చిన్న చిన్న దుకాణాలవాళ్ళ లెక్కలు రాస్తున్నాను. ఎవరి గుట్టు ఏ రసీదులో దాక్కుందో వెతకడం నాకు కూడు పెట్టే పని, పొద్దుపుచ్చే సరదా కూడా. మా ఇంట్లోవాళ్ళు దీన్ని ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ నెత్తికెత్తుకోవడం అంటారు. అననీ.

ఆ రోజు వచ్చిన నోటీసు సానమేస్త్రిది. కత్తులూ కత్తెరలూ సానపట్టే దుకాణం ఆయనది. మా ఆఫీసు మెట్లు దిగి కుడికి తిరిగితే నాలుగో గది. నోటీసులో ఉన్నది ఒకటే సందేహం. సానపట్టే వ్యాపారానికి వారానికి తొమ్మిది కిలోల టమాటాలు ఎందుకు అవసరమయ్యాయి, పని అయ్యాక అవి ఎక్కడికి వెళ్ళాయి, పదిహేను రోజుల్లోగా తెలపాలి. తెలపకపోతే ఆ మినహాయింపు రద్దుచేసి, మూడేళ్ళ లెక్కలూ తిరగదోడతామని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

రెండుసార్లు చదివాను. తొమ్మిది కిలోలా?

టమాటాలను లెక్కల్లోకి ఎక్కించింది నేనే. వ్యాపారం నడపడానికి పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను కట్టాలన్నది ఈ విద్యలో ఓనమాలు. ఇంటి ఖర్చు మాత్రం అందులో కలపకూడదు. చెప్పడానికి ఇంతే. కానీ ఇల్లు ఎక్కడ ముగిసి దుకాణం ఎక్కడ మొదలవుతుందో గీత గీయమంటే తలపండినవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. సెలూన్ ఆయన తన జుట్టుకి పెట్టే ఖర్చంతా వ్యాపారానిదేనని ప్రతి ఏడూ నాతో వాదిస్తాడు, తన తలే తనకి బోర్డట. పుస్తకాలు బైండు చేసే ఆయన పిల్లికి పాల ఖర్చు రాస్తాను, అది ఎలుకల్ని పట్టే ఉద్యోగి కాబట్టి. అదే పిల్లి పోయినేడు ఈనితే, దాని పిల్లల పాలు మాత్రం రాయలేదు. అవింకా ఉద్యోగంలో చేరలేదు.

సానమేస్త్రి దగ్గర మొదటిసారి కూర్చున్నది ఎనిమిదేళ్ళ కిందట. ఆయన దుకాణం బోర్డు మీద పేరుండదు. కత్తి అంచు మీద ఆన్చిన బొటనవేలి బొమ్మ ఉంటుంది, అంతే. లోపల ఒక సాన చక్రం, మూడు రకాల రాళ్ళు, మేకుకి వేలాడే తోలుపట్టీ, నూనె డబ్బా. కత్తిని చక్రం మీద పట్టి, రాయి మీద నూరి, తోలు మీద తుడిచాక, ఆయన కుడి బొటనవేలిని అంచు మీద పోనిచ్చేవాడు. అంచు వెంట కాదు, వెంట పోనిస్తే వేలు తెగుతుంది. అంచుకి అడ్డంగా, దుమ్ము దులిపినంత తేలిగ్గా. ఆ తరువాత ‘దిగింది’ అనేవాడు, లేకపోతే ‘ఇంకా లేదు’ అని మళ్ళీ రాయి అందుకునేవాడు. ఆ రెండు మాటలకీ వీధిలో తిరుగులేదు. వంటగది వాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, టైలర్లు, అందరూ మేస్త్రి వేలు చెప్పిందంటే ఇంకేం చూసుకోకుండా డబ్బిచ్చి వెళ్ళేవారు.

టమాటా కొత్తవాళ్ళ కోసం. దాని తోలు నున్నగా ఉంటుంది కదా, మొద్దు కత్తి జారిపోతుంది, పదునైనది తన బరువుకే దిగిపోతుంది. ఏడెనిమిది కత్తులకి ఒక టమాటా కోసి చూపించేవాడు. వారానికి రెండు కిలోలు సరిపోయేవి. కోసిన ముక్కల్ని ఆయన భార్య ఇంటికి పట్టుకెళ్ళి వండేది. అందుకని నేను సగం దుకాణం ఖర్చు, సగం ఇంటి ఖర్చు అని రాశాను. మేస్త్రి ఒప్పుకోలేదు. కోసేటప్పుడు అది పనిముట్టనీ, తాను డబ్బిచ్చింది పనిముట్టుకనీ, ఆ తరువాత అది కూరైతే దాని అదృష్టమనీ గంటసేపు వాదించాడు. ఆ వాదన నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి ఆయన నాకు అన్నయ్య, ఆవిడ వదిన అయ్యారు. లెక్క మాత్రం మార్చలేదు.

రెండు కిలోలు తొమ్మిది ఎప్పుడయ్యాయి? బీరువాలోంచి పాత రసీదులు దించాను. ఎప్పటిలాగే మరకలు, ఎర్రవీ, ఎండిపోయి గోధుమరంగు తిరిగినవీ. లెక్కలు తెస్తున్నావా, కూర తెస్తున్నావా అని ప్రతి ఏడూ ఆయన్ని తిడుతూనే ఉంటాను. ఒక్కొక్కటే విప్పి చూస్తే విషయం బయటపడింది. రెండేళ్ళ కిందట మూడు కిలోలు, తరువాత అయిదు, తరువాత ఏడు, ఇప్పుడు తొమ్మిది. అదే రెండేళ్ళలో టమాటా ధర పడిపోతూ వచ్చింది. కిలోలు పెరిగినదాన్ని ధర మింగేసి, మొత్తం కాస్తంతే పెరిగినట్టు కనిపించింది. నేను ఆ మొత్తమే చూసి, ధరలు మండిపోతున్నాయి పాపం అనుకుని సంతకాలు పెట్టించాను. లెక్కలు రాసేవాళ్ళ జబ్బే ఇది. డబ్బు కనబడితే వస్తువు కనబడదు. పన్నుల ఆఫీసులో ఎవరో కూర్చుని కిలోలు చదివారు. ఎవరో తెలియని ఆ మనిషి మీద నాకు అసూయ కలిగింది.

బిల్లు పుస్తకం కూడా తీసి సానపట్టిన కత్తుల్ని లెక్కపెట్టాను. కత్తులు పెరగలేదు. అప్పుడూ ఇప్పుడూ వారానికి నూటయాభై, అటూ ఇటూగా. అంటే ఇప్పుడు రెండు కత్తులకి ఒక టమాటా, అప్పటికీ ఇంకా మిగులుతాయి. మరి అవన్నీ ఎవరు తింటున్నట్టు?

ఆ ప్రశ్న నాకంటే ముందే ఇంకో ఇంట్లో పుట్టింది. మర్నాడు పొద్దున్నే వదిన నా ఆఫీసుకి వచ్చింది. వదిన టైలర్లకి ఇంటి దగ్గర కాజాలు కుట్టి ఇస్తుంది, రోజుకి వంద, నూటయాభై. ఆ చేతిలో సూదీ దారం లేకుండా నేను ఆవిడను చూసింది తక్కువ. ఆ రోజు చేతిలో ఉన్నది నోటీసు, ఆయనకి విడిగా వచ్చిన ప్రతి. మేస్త్రి దాన్ని నూనె డబ్బా కింద దాచాడట.

“అమ్మాయ్, తొమ్మిది కిలోలేంటి?” అంది కూర్చోకుండానే. “మా ఇంటికొచ్చేది రెండు కిలోలు. మిగతా ఏడు కిలోలూ ఎవతి వండుతోందో నువ్వే కనుక్కోవాలి.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సాక్ష్యాలు వరసపెట్టి చెప్పింది. ఏడాదిన్నరగా రోజూ అరగంట ఆలస్యంగా ఇల్లు చేరుతున్నాడు. అడిగితే పని అంటాడు. పైగా ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది, ఈ మధ్య పొద్దున్నే చొక్కా గుండీలు కూడా పెట్టమని ఎదురుగా వచ్చి నిలబడుతున్నాడు. తప్పు చేసినవాడే ఇంట్లో ప్రేమ ఒలకబోస్తాడని వదిన తీర్మానం. ఆ మాట అంటూ నోటీసుని మడిచి మడిచి చిన్న పొట్లం చేసింది. వేళాకోళం చేద్దామనుకున్నదాన్ని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం మేస్త్రి కొట్టు కట్టేసి బయల్దేరితే, నేను వెనకాలే వెళ్ళాను. ఒక మనిషి వెనక దొంగలా నడవడం తప్పని తెలుసు. కానీ తొమ్మిది కిలోలు తలలో తొలుస్తుంటే తప్పొప్పులు ఎవరికి గుర్తుంటాయి? ఆయన చేతిలో మూత పెట్టిన బకెట్టు ఉంది. ఇంటి వైపు కాకుండా వెనక సందులోకి తిరిగాడు. సందు చివర మొక్కలు అమ్మే తోట, దాని గేటు నెట్టుకుని లోపలికి వెళ్ళి, రెండు నిమిషాల్లో ఖాళీ బకెట్టుతో బయటికొచ్చి ఇంటి దారి పట్టాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి నేనూ లోపలికి వెళ్ళాను. తోట నడిపేది డెబ్బై దాటిన ముసలావిడ, పంటి కింద ఏదో నములుతూ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. వదిన అనుమానం మొత్తం అక్కడికక్కడే కుప్పకూలింది. అడిగితే ముసలావిడ ఎరువు గుంట వైపు చెయ్యి చూపించింది. గుంట చుట్టూ అడవిలా టమాటా మొక్కలు. ఎవరూ నాటలేదు, ఎవరూ కర్రలు పాతలేదు. కాయల బరువుకి నేల మీద వాలిపోయి ఉన్నాయి. ఏడాదిన్నరగా రోజూ సాయంత్రం తెచ్చి పోస్తాడట. డబ్బు తీసుకోడు, కూర్చోడు. ఇంట్లో తెలియనివ్వొద్దని మాత్రం ఒకసారి చెప్పాడట. నాలుగు కాయలు కోసి నా చేతిలో పెట్టింది. నేల మీదే పండినవి, మంచి రుచి.

వదినకి ఈ సంగతి చెబితే ముఖం వికసిస్తుందనుకున్నాను. వికసించి, వెంటనే ముడుచుకుంది. ఆడదైతే అర్థమయ్యేది గానీ, డబ్బుపోసి కొన్న టమాటాల్ని కోసి పాతిపెట్టడం ఏ రకం పిచ్చని అడిగింది. నాకూ అదే కావాలి.

మర్నాడు తిన్నగా దుకాణానికే వెళ్ళాను. నన్ను చూడగానే మేస్త్రి చక్రం ఆపేశాడు. కత్తుల ఉక్కు మారిపోయిందని, ఇప్పటి కత్తుల్ని ఎక్కువసార్లు కోసి చూడాల్సి వస్తోందని చెప్పాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి, చెబుతున్నంతసేపూ తోలుపట్టీని సర్దుతూనే ఉన్నాడు. కళ్ళు మందగించాయేమో, అంచు కనబడక ఇన్ని కోస్తున్నాడేమో అని నాకొక ఆలోచన వచ్చింది. నోటీసు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివి పెట్టమన్నాను, నా కళ్ళద్దాలు మర్చిపోయానని. చేయి చాచి పట్టుకుని గడగడా చదివేశాడు. నేను కూడా అంత బాగా చదవలేను. కళ్ళు కాదు.

అప్పుడు ఆయన నేను ఊహించని మాట అన్నాడు.

“తిన్నామని రాసెయ్ చెల్లెమ్మా. మొత్తం ఇంటి ఖర్చే అని రాసెయ్. పన్నూ, జరిమానా ఎంతైతే అంత కడతాను.”

నేను నోరెళ్ళబెట్టాను. కిలో టమాటాల కోసం గంటసేపు నాతో వాదించిన మనిషి ఇతనేనా? తిన్నామని రాస్తే మూడేళ్ళూ దొంగలెక్క రాసినట్టు ఒప్పుకోవడమని, ఆ జరిమానా టమాటాలతో ఆగదని చెప్పాను. అయినా కడతానన్నాడు. కారణం అడిగితే, వచ్చే నెల పెద్ద హోటలుతో ఒప్పందం మళ్ళీ రాసుకోవాలనీ, తన పనిలో సగం ఆ వంటగదిదేననీ, అది పోతే ఈ గది అద్దె కూడా రాదనీ చెప్పాడు. ఈలోగా ఏ ఆఫీసరూ తన కొట్టులో నిలబడి తన పని చూడకూడదట. చూస్తే ఆ మాట వీధంతా పాకుతుందట.

పని చూస్తే ఏమవుతుంది? టమాటా కోయడంలో పరువు పోయేదేముంది? ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించాను. మా ఇంట్లోవాళ్ళు నేను ఉప్పు వేసుకోవడం మర్చిపోయిన సంగతి రెండు రోజులు చెప్పుకున్నారు.

నేను జవాబు ఏం రాయాలో తేల్చుకునేలోపే, పదకొండో రోజు మధ్యాహ్నం ఆఫీసరే వచ్చాడు. కబురు తెలిసి నేను పరుగున దిగివెళ్ళేసరికి దుకాణం మధ్యలో నిలబడి గోడకున్న రాళ్ళను ఒక్కొక్కటే చూస్తున్నాడు. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి, జేబులో చెక్కిన పెన్సిళ్ళు మూడు. కిలోలు చదివింది ఈయనేనని చూడగానే అర్థమైంది. అదే సమయానికి వదిన భోజనం డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

ఆయన గట్టిగా ఏమీ మాట్లాడలేదు. తన ఉద్యోగంలో చాలా ఖర్చులు చూశాననీ, టమాటాలు మాత్రం ఎప్పుడూ చూడలేదనీ, అందుకే చూడాలనిపించిందనీ అన్నాడు. తరువాత జేబులోంచి పెన్సిళ్ళు చెక్కుకునే చిన్న మడత కత్తి తీసి బల్ల మీద పెట్టి, దీనికి సానపట్టి, మొదటినుంచి చివరిదాకా పద్ధతి చూపించమన్నాడు. ముందే డబ్బులిచ్చి రసీదు కూడా అడిగాడు.

మేస్త్రి నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష గదిలోకి వెళ్ళే ముందు పిల్లలు అలా చూస్తారు. తరువాత చక్రం తిప్పాడు. కత్తిని ఆనించాడు, రాయి మీద నూరాడు, తోలు మీద నాలుగుసార్లు అటూ నాలుగుసార్లు ఇటూ తుడిచాడు. పని మొదలెట్టాక చేతులు ఎక్కడా తడబడలేదు. పక్కనే బుట్ట నిండా టమాటాలున్నాయి. వాటిలోంచి ఒకటి తీసుకుంటాడనుకున్నాను.

తీసుకోలేదు. ఒక ఆఫీసరు ముందు, నా ముందు, భార్య ముందు ఆయనకి ఏమనిపించిందో, కత్తిని పైకెత్తి, బోర్డు మీద బొమ్మలో ఉన్నట్టే, బొటనవేలిని అంచు మీద పోనిచ్చాడు.

“దిగింది” అన్నాడు.

ఆఫీసరు తల ఊపాడు. మేస్త్రికి ఉత్సాహం వచ్చింది. ముందు వేలు చెబుతుందనీ, టమాటా ఆ తరువాత వచ్చే సాక్ష్యం మాత్రమేననీ, వేలు లేని సానమేస్త్రీ చెవులు లేని సంగీతం మేస్టారూ ఒకటేననీ వివరిస్తూ పోయాడు. వేలు తెగి ఉంది. గోటి పక్క నుంచి అడుగుదాకా తెగింది. రక్తం మణికట్టు మీదుగా జారి బల్ల మీద పడుతోంది, అక్కడ ఆఫీసరు పెట్టిన కాగితం అంచు తడుస్తోంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మా ముగ్గురికీ కనబడింది. ఆయనకి తెలియలేదు.

మా ముఖాలు చూసి ఆగాడు. మేం చూస్తున్న వైపు తనూ చూశాడు. చేతిని వెనక్కి దాచుకోబోయాడు గానీ, వదిన అప్పటికే డబ్బా కింద పెట్టి వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

“నొప్పి లేదా?”

“లేదు.”

“ఎప్పటినుంచి?”

ఆయన నేల వైపు చూస్తూ, రెండేళ్ళుగా అన్నాడు. ముందు తిమ్మిరిలా మొదలైందట. ముప్పై ఏళ్ళు చక్రం మీద అదిరిన చేతులు కదా, నూనె రాసుకుంటే పోతుందనుకున్నాడట. తరువాత బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు, వేడీ చల్లనా తెలియడం మానేశాయి. వేలు చెప్పడం మానేశాక టమాటాని అడగడం మొదలుపెట్టాడు. ఒక కోతకి నమ్మకం కుదరక రెండు, రెండుకి కుదరక మూడు. అన్ని టమాటాలు ఇంటికి తెస్తే వదిన అడుగుతుంది. అందుకని తోటకి.

వదిన చప్పున పైన వేలాడుతున్న శుభ్రమైన గుడ్డ అందుకుని వేలికి చుట్టి, గట్టిగా నొక్కి పట్టుకుంది. కాసేపటికి ఒక్క మాటే అంది.

“గుండీలు.”

మేస్త్రి తల దించుకునే ఊపాడు. గుండీ చేతికి దొరికిందో లేదో తెలియక, పొద్దున్నే భార్య ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ దాన్ని ఇంకెవతో నేర్పిన ప్రేమనుకుంది. వదిన ముఖం పక్కకి తిప్పుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. నాకూ ఏడుపొచ్చింది, కానీ నా ఏడుపు వేరే. రసీదుల మీద గోధుమరంగు మరకలు గుర్తొచ్చాయి. రెండేళ్ళుగా కూర తెస్తున్నావా అని నేను తిట్టింది టమాటా రసాన్ని కాదు. మనిషి గుట్టు రసీదులో వెతికి పట్టుకుంటానని గర్వపడేదాన్ని, చేతిలో పెట్టినా చూడలేకపోయాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆఫీసరు ఈలోగా ఏం చేస్తున్నాడో ఎవరమూ చూడలేదు. బుట్టలోంచి ఒక టమాటా తీసుకుని, తన మడత కత్తితో తనే కోశాడు. కత్తి చప్పుడు లేకుండా దిగింది. ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను జవాబు కాగితం రెండు రోజుల్లో పంపిస్తానని చెప్పబోయాను. మేస్త్రి అడ్డుపడి, వేలి సంగతి మాత్రం అందులో ఉండకూడదనీ, కావాలంటే మినహాయింపు వదులుకుంటాననీ అన్నాడు. స్పర్శ పోయిన మేస్త్రి అని ఒక కాగితం మీద పడితే పెద్ద హోటలు వెళ్ళిపోతుంది, దాని వెనకాలే మిగతావాళ్ళు.

ఆఫీసరు కత్తి తుడిచి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నేను అడిగింది టమాటాల సంగతి” అన్నాడు. “వేలి సంగతి నా నోటీసులో ఎక్కడా లేదు.”

అందుకని నేను రాసింది కూడా టమాటాల సంగతే. వేలితో చూసే పాత పద్ధతి మానేసి రెండేళ్ళుగా ప్రతి కత్తినీ టమాటా మీదే పరీక్షిస్తున్నారనీ, ఏడు కిలోలు తోటలో ఎరువు గుంటకి చేరుతున్నాయనీ, అక్కడ మొలిచిన మొక్కలు ఎవరైనా వెళ్ళి చూడవచ్చనీ రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఏడు కిలోలూ పూర్తిగా ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్ళిన రెండింటిలో సగం కొట్టేశారు, ఎనిమిదేళ్ళ కిందట నేను వేసిన లెక్కే. ఆ విషయంలో మాత్రం మేస్త్రికి ఇప్పటికీ కోపమే.

కాగితం గండం గడిచింది. హోటలు గండం అలాగే ఉంది. డాక్టరు చూసి, చక్రం అదురుకి నరాలు దెబ్బతిన్నాయనీ, పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ, ఉన్నది కాపాడుకోవాలంటే చక్రం మీద సగం సేపే కూర్చోవాలనీ చెప్పాడు. మేస్త్రి రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు పొద్దున్న తెరిచి ఉంది. లోపల రెండో స్టూలు, దాని మీద వదిన.

కాజాలు కుట్టే వేళ్ళు అవి. గుడ్డలో ఒక పోగు అటు జరిగినా పట్టుకుంటాయి. అయినా మొదటి వారం మూడుసార్లు తెగ్గోసుకుంది. వెంట కాదు, అడ్డంగా అని మేస్త్రి పక్కనుంచి అరవడం నాకు మెట్ల మీదికి వినబడేది. వినబడినప్పుడల్లా ఏదో వంక పెట్టుకుని కిందకి దిగేదాన్ని. వేలికి ఏం తెలుస్తుందో మాటల్లో చెప్పడం ఆయనకి వచ్చేది కాదు. కొసలో గరుకు, మధ్యలో జారుడు, దిగినప్పుడు చర్మాన్ని చిన్నగా పట్టుకోవడం. చెప్పలేక చెప్పలేక, ఒక రోజు కళ్ళు మూసుకుని చెప్పాడు. అప్పుడు బాగా చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా తెలిసినదాన్ని ఇంకొకరి వేలికి అప్పగించడం ఎంత కష్టమో నేను అక్కడ కూర్చుని చూశాను.

మరుసటి నెలాఖరుకి పెద్ద హోటలు వంటగది పెద్దాయన నలభై కత్తుల పెట్టె పట్టుకుని స్వయంగా వచ్చాడు. మేస్త్రి సానపట్టాడు, వదిన వేలు పెట్టి చూసింది. ఎందుకు ఆవిడ చూస్తోందని పెద్దాయన అడిగాడు. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ దాచలేదు. తన వేలు అలిసిపోయిందనీ, ఇప్పుడు ఈ వేలు చెబుతోందనీ మేస్త్రి మామూలుగా చెప్పేశాడు. ముప్పై ఎనిమిది కత్తులు దాటాయి. రెండింటిని వదిన వెనక్కి తోసింది.

“ఇంకా లేదు.”

మేస్త్రి వాటిని అందుకుని మళ్ళీ రాయి మీద పెట్టాడు. వంటగది పెద్దాయన ఆ రెండింటిలో ఒకటి తీసుకుని టమాటా మీద ఆనించి చూశాడు. కొంచెం జారింది. సంతకం అక్కడే పెట్టాడు.

ఈ ఏడాది లెక్కలు నిన్ననే వచ్చాయి. టమాటాలు వారానికి కిలోన్నర. ఎందుకు తగ్గాయని ఆ ఆఫీసరు అడుగుతాడేమోనని చూస్తున్నాను, అడిగితే బాగుండునని కూడా ఉంది. జీతాల కింద కొత్త పద్దు ఒకటి రాశాను, అంచు చూసే పనికి అని. భార్యకి జీతం ఏంటని మేస్త్రి గొణిగాడు. కాజాలు మానేసి వచ్చిందని, ఇది నిఖార్సయిన దుకాణం ఖర్చని, పిల్లికి పాలు రాసినదాన్ని మనిషికి జీతం రాయనా అని నోరు మూయించాను. వదిన బేరమాడి నేను చెప్పినదానికంటే ఎక్కువే రాయించుకుంది. రసీదులన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క మరక లేదు. ఒక్కొక్కటీ తిప్పి చూసి మరీ పెట్టాను.

కాగితాలు ఇచ్చి వెళ్ళబోతూ వదిన గుమ్మం దగ్గర ఆగింది.

“అమ్మాయ్, పొద్దున్నే ఆయన చొక్కాకి గుండీలు పెట్టేది కూడా నేనే కదా. పెట్టకపోతే కొట్టుకి రాలేడు. అది కూడా దుకాణం ఖర్చులోకి వస్తుందా?”

మేస్త్రి మెట్ల మీద ఉన్నాడు, ఇటు తిరగలేదు గానీ నడవడం ఆపాడు. లోపలికి వచ్చినప్పుడే చూశాను, చొక్కా గుండీలు అయిదూ సరిగ్గా పెట్టి ఉన్నాయి, మెడ దగ్గరది కూడా.

“రాదు వదినా” అన్నాను. “అది ఇంటి ఖర్చు.”

ఆవిడ తల ఊపి మెట్లు దిగింది. అలాగే ఉండనీ అన్నట్టు అనిపించింది నాకు.